కారున్నోనికి బియ్యమెందుకు

మా తమ్ముడు తిరుమల్‌కు కారుండె. తెల్ల కారు, కొత్తది, ఏసీది. ఈ ముచ్చట నేను చెప్తలేను, సర్కారు కంప్యూటర్ చెప్పింది. మౌలాలి గుట్ట కింద రేకుల అర్రల పెండ్లాన్ని, ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకొని కిరాయికుండేటోడు కారున్న మారాజట! అందుకని కరోనా టైంల, ఊరు ఊరంత తలుపులు పెట్టుకొని కూసున్నప్పుడు, వాని బియ్యం కార్డు తీసేసిన్రు. నా కడుపుమంట ఇయ్యాల్టి దాంక సల్లారలే. సల్లారదు సుత.

నేనెవరంటరా? లచ్చమ్మను, వాని అక్కను. వాండ్ల అర్రకు, నా అర్రకు నడుమ ఒకటే గోడ. మొగడు పోయినంక నేనొక్కదాన్నే ఉంటున్న. సర్కారు బడిల పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్త. నా నోరు మంచిది కాదని గల్లీల అందరికి ఎరుకే. కాదు మరి, ఏం జెయ్యాలె? మా అమ్మ కడుపుల మాటలన్ని నేనే తినొచ్చిన, నా ఎన్క పుట్టినోనికి ఏం మిగల్లే.

తిరుమల్ ఎసొంటోడో ముందు చెప్పాలె. మా నాయన లోకో షెడ్డుల కాంట్రాక్టు కూలి. ఆయన మంచం పడితే వీడు బడి బందువెట్టి రెజిమెంటల్ బజార్ల లారీల కాడ క్లీనర్‌గ చేరిండు. లారీలు కడుక్కుంట, టైర్లు మార్చుకుంట స్టీరింగు పట్టిండు. వాడు హారన్ కొట్టంగ నేను ఇనలే. "ముంగట పోయేటోళ్లకు సుత పనుంటది గద అక్కా" అంటడు. గంత మెత్తటోడు. లైసెన్సు వచ్చినంక రామభద్రరావు సార్ కాడ డ్రైవర్‌గ కుదిరిండు.

సార్‌ది రెజిమెంటల్ బజార్ల టైల్స్ దుకాణం, అల్వాల్ల రెండంతస్తుల ఇల్లు. కోస్తా దిక్కు నుంచి వచ్చి శానేండ్లాయె, ఇక్కడనే సంపాదించి ఇక్కడనే పెరిగిండు. చెడ్డోడని నేను అన. అదే నాకు ఎక్కువ మంట! చెడ్డోడైతే మేం ముందే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంటిమి. పండుగకు బట్టలు పెట్టేటోడు. మావోని పెద్దపిల్ల పుడితే ఆయన భార్య వెండి గజ్జెలు పంపింది. ఇంటికి ఎవరొచ్చినా "తిరుమల్ మా ఇంట్లో మనిషండీ" అని చెప్పేటోడు. ఆ ఒక్క మాటకు మావోడు పడిపోయిండు. జీతం పెంచమని నోరు తెరిచి అడిగింది లేదు.

వానికొక అలవాటుండె. సార్ బండెక్కంగనే చెప్పులు ఇప్పి సీటు కింద పెట్టేటోడు. ఎండల్ల, వానల్ల, ఎప్పుడైన ఉట్టి కాళ్ళతోనే నడిపేది. సార్ చెప్పిండా అంటే చెప్పలే. ఇప్పొద్దని సుత అనలే. "కింద కార్పెట్ ఖరాబైతది అక్కా, సార్‌ది కద" అనేటోడు. ఒకసారి నాకు జెరమొస్తే సార్‌ను అడిగి నన్ను దవాఖానకు తీస్కపోయిండు. నన్ను సుత చెప్పులు ఇప్పమన్నడు. జెరంతోని ఒణుక్కుంట, చెప్పులు ఒళ్ళె పెట్టుకొని, దొంగ లెక్క కూసున్న. "ఏందిరా ఇది, గుళ్ళెకు తీస్కపోతున్నవా దవాఖానకు తీస్కపోతున్నవా" అని తిట్టిన. నవ్విండు.

కరోనా కంటె ముందు దసరకు సార్ కొత్త బండి కొన్నడు. ఆ ఇంట్ల అప్పటికే మూడు బండ్లు. సార్ పేరు మీద ఒకటి, అమ్మగారి పేరు మీద ఒకటి, కొడుకు సత్యదేవ్ పేరు మీద ఒకటి. ఒక మనిషి రెండో బండి కొంటే లైఫ్ ట్యాక్సు రెండు పర్సెంట్ ఎక్కువ కట్టాలెనంట. ఆ రెండు పర్సెంట్ సార్‌కు బరువైంది. దుకాణంల టైల్స్ లారీల కొద్ది దిగుతయి, గది బరువు కాలే. మావోన్ని పిలిచి ఆధార్ కార్డు తెచ్చుకొమ్మన్నడు.

"నీ పేరు మీద ఉంటే ఏంటి, నా పేరు మీద ఉంటే ఏంటయ్యా? నువ్వు మాలో ఒకడివే కదా" అన్నడట.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పుకుంట మావోడు కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. "రేపు ఏమన్న అయితే ఎట్లరా" అని నేనంటే, "సార్ ఉన్నడు కద అక్కా" అన్నడు. సుకన్య, అంటే వాని పెండ్లాం, నా దిక్కు కోపంగ చూసింది. ఆడిబిడ్డకు కుళ్ళు అనుకున్నట్టుంది.

షోరూమోళ్ళకు కాయితం మీద పేరున్నోడే ఓనరు. బండికి పూలదండ ఏసి, అట్టతోని చేసిన పెద్ద తాళంచెవి ఒకటి ఉంటది, అది ఓనరు చేతికిచ్చి ఫోటో దిగుతరు. "ఓనర్ గారు రండి" అని పిలిస్తే సార్ నవ్వుకుంట మావోన్ని ముంగటికి నూకిండు. మావోడు ఇస్త్రీ అంగీ ఏసుకొని, ఆ అట్ట తాళంచెవి రెండు చేతులతోని పట్టుకొని, పెండ్లికొడుకు లెక్క నిలవడ్డడు. సుకన్య ఆ ఫోటోకు ఫ్రేము కట్టించింది. ఎంకటేశ్వరస్వామి పటం పక్కన, వచ్చినోళ్లకు తలుపు కాడికెల్లే కనవడేటట్టు కొట్టింది మేకు. చుట్టాలొస్తే అదే చూపెట్టేది. మరి పేదోని ఇంట్ల గోడకు పెట్టుకోనీకి ఏముంటయి చెప్పున్రి? గా పాడు ఫోటోనే మా కొంప ముంచింది.

లాక్‌డౌన్ వచ్చింది. బడి బందు, నాకొచ్చే నాలుగు పైసలు బందు. సార్ దుకాణం బందు. మొదటి నెల మావోనికి సగం జీతమిచ్చిండు. తర్వాత, "బండి కదలట్లేదు కదయ్యా, జీతం ఎలా ఇస్తాను చెప్పు" అన్నడు. సరే, ఆయనకు సుత తక్లీఫ్ ఉండొచ్చు అనుకున్నం. సర్కారోళ్లు తెల్ల కార్డున్నోళ్లకు మనిషికి పన్నెండు కిలోల బియ్యం, ఇంటికి పదిహేను వందలు ఇస్తమన్నరు. ఎట్లనో గట్ల గట్టెక్కుతమని ధైర్నం వచ్చింది.

రేషన్ దుకాణం ముంగట సున్నంతోని గుండ్రాలు గీసిన్రు. ఎండకు తాళలేక జనం గుండ్రాలల్ల చెప్పులు పెట్టి నీడకు కూసునేటోళ్లు. లైను కదిలితే పోయి చెప్పులు ముంగటి గుండ్రంల పెట్టుడు. సుకన్య, నేను గట్లనే చెప్పులు జరుపుకుంట జరుపుకుంట ముంగటికి వచ్చినం. డీలర్ పద్మనాభం మంచోడే, మమ్మల్ని చిన్నప్పటికెల్లి ఎరికినోడు. మిషన్ల నంబరు కొట్టిండు. మళ్ళ కొట్టిండు.

"సుకన్యా, మీ కార్డు రద్దైందని వస్తుందమ్మా" అన్నడు.

"పోయిన నెల మిషన్ ఖరాబుందంటివి, ఈ నెల రద్దంటివి! జెర మంచిగ కొట్టు" అన్న నేను.

"నేనేం జెయ్యాలె లచ్చక్కా? మీ తమ్ముని పేరు మీద ఫోర్ వీలర్ ఉన్నదని చూపిస్తున్నది. కారున్నోళ్లకు కార్డుండదు. పైకెల్లి తీసేసిన్రు. ఏ ఆఫీసర్‌నన్న అడుగున్రి, నా చేతుల ఏం లేదు."

ఎనక లైన్లకెల్లి ఎవరో, "కారు కొన్నరా సుకన్యా? మిఠాయి సుత పెట్టకపోతివి!" అన్నరు. నలుగురు నవ్విన్రు. సుకన్య ఖాళీ సంచి మడుసుకొని, గుండ్రంలకెల్లి చెప్పులు తీసి తొడుక్కొని, ఎవరి దిక్కు చూడకుంట ఇంటికి నడిచింది. నా కార్డు మీద వచ్చిన పన్నెండు కిలోలు ఐదుగురం తిన్నం. పలుచగ గంజి గాసుకొని తిన్నం. పిల్లలకు మెతుకులు, మాకు నీళ్ళు.

తిరుమల్ ఎవరెవరికో ఫోన్లు కొట్టి కొట్టి ఒక దరఖాస్తు ఎక్కించిండు. ఒకరోజు ఎంక్వైరీకని ఆఫీసు నుంచి ఒకాయన వచ్చిండు. మూతికి మాస్కు, చేతుల ట్యాబు. సుకన్య కుర్చీ తుడిచింది. ఆయన కూసోలే, తలుపు కాడ నిలవడి పైకప్పు రేకులు చూసిండు, పొయ్యి మీద గంజి గిన్నె చూసిండు. మొఖంల జెర మెత్తదనం వచ్చింది. "కంప్యూటర్ తప్పే అయ్యుంటది లేమ్మా, ఒక్కోసారి అయితది, నేను రాసుకుంట" అన్నడు. నా పానం లేచొచ్చింది. ట్యాబు మీద రాయనీకి వేలు ఎత్తిండు. గప్పుడే గోడ దిక్కు చూసిండు.

"ఎవరిది ఆ ఫోటో?"

"మా ఆయనదే సార్" అన్నది సుకన్య. పిచ్చిది, నిజం చెప్పింది.

"చేతుల ఏంది?"

"తాళంచెవి సార్."

"అది అట్టది సార్, అట్టతోని చేసింది! కారు వాండ్ల సార్‌ది, పేరొక్కటే వీనిది" అని నేను మొత్తుకున్న.

ఆయన మాస్కు ఎన్క నవ్విండు. నవ్వు కండ్లల్ల కనవడ్డది నాకు. "దండ ఏసిన కారు, చేతుల తాళం, గోడకు ఫ్రేము. ఇంక నన్నేం ఎంక్వైరీ చెయ్యమంటరమ్మా? కారున్నోనికి బియ్యమెందుకు? లేనోళ్లు ఎందరో ఉన్నరు, వాండ్ల నోటికాడిది గుంజుకోకున్రి" అన్నడు.

గా మాట నన్ను చెంపమీద కొట్టినట్టయ్యింది. మేమా గుంజుకునేది? నేను గల్లీ దాంక ఆయన ఎంట పడ్డ. ఆఖరికి, "సరే, ఆ కారు నిజంగ ఆ సార్‌దే అయితే, 'ఇది నాది, పేరు మాత్రమే డ్రైవర్‌ది' అని ఆయనతోని రాయించి సంతకం పెట్టించి తెండి. ఆ కాయితముంటే నేను పైకి పంపిస్త" అన్నడు. ఒక్క కాయితం. రెండు లైన్లు. ఇంట్ల మనిషి కోసం గంత చెయ్యడా అనుకున్నం.

మరునాడు తిరుమల్ అల్వాల్‌కు నడుచుకుంట పోయిండు. నన్ను రావొద్దన్నడు, నేను పోయిన. దారిల పోలీసులు ఆపిన కాడల్ల నేనే జవాబు చెప్పిన. సార్ గేటు తియ్యలే. కరోనా కద, పైన బాల్కనీల నిలవడి మాట్లాడిండు. మేం కింద రోడ్డు మీద, మెడలు పైకెత్తి.

మావోడు మెల్లగ చెప్పుకున్నడు. సార్ మొత్తం ఇన్నడు. "అయ్యో, అలా అయిందా" అన్నడు. పాపం సుత అన్నడు. కాయితం మాటకొచ్చే సరికి గొంతు మారింది.

"రెండు పర్సెంట్ కోసం వేరేవాళ్ల పేరు పెట్టానని నేనే రాసిచ్చి సంతకం పెడతానా తిరుమల్? నేను ఇరుక్కుంటాను కదయ్యా. లాక్‌డౌన్ అయ్యాక, ఆర్టీఏ ఆఫీసు తెరిచాక చూద్దాంలే."

"అప్పటి దాంక పిల్లలు ఏం తినాలె సార్?" అన్న నేను. తిరుమల్ నా చెయ్యి పట్టి నొక్కిండు.

సార్ నా దిక్కు చూడలే. "ఎల్లుండి మీ మౌలాలి వైపే సరుకులు పంచుతున్నాం, మా వ్యాపారుల అసోసియేషన్ తరఫున. బండి నువ్వే తీయాలి. మీ ఆవిడకీ ఒక కిట్టు ఇప్పిస్తాలే, సరేనా?" అని లోపటికి పోయిండు. తిరిగొస్తుంటే నేను దారి పొడుగునా తిడుతనే ఉన్న. "కిట్టు ఇప్పిస్తనన్నడు కద అక్కా" అన్నడు మావోడు ఇంటికాడికి వచ్చినంక. నాకు గప్పుడు సార్ కంటె వీని మీదనే ఎక్కువ కోపమొచ్చింది.

ఎల్లుండి రానే వచ్చింది. అదే తెల్ల కారు, అద్దానికి పోలీసు పాసు అంటించి, ముంగట బ్యానర్ కట్టి మా గల్లీ మూలకు వచ్చి ఆగింది. స్టీరింగు కాడ మా తమ్ముడు, ఉట్టి కాళ్ళతోని. పక్క సీట్ల సార్. ఎన్క డిక్కీ నిండ, సీట్ల నిండ సరుకుల సంచులు. బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్టు, బిస్కెట్లు. ఎర్రటి ఎండల మేం మళ్ళ గుండ్రాలల్ల నిలవడ్డం. సత్యదేవ్ బాబు, అసోసియేషనోళ్లు ఇద్దరు ఎన్కనే ఇంకో బండిల వచ్చి దిగిన్రు, బాబు ఫోన్‌తోని ఫోటోలు తీస్తుండు. సంచి ఒక దిక్కు ఇచ్చేటోడు పట్టుకోవాలె, ఇంకో దిక్కు తీసుకునేటోళ్లు పట్టుకోవాలె, ఫోటో పడే దాంక ఇడువొద్దు. మా ఎదురింటి ముసలామె మాస్కు కిందికి గుంజమంటే గుంజి నవ్వింది.

సుకన్య వంతు వచ్చింది. చిన్నపిల్ల సంకల ఉన్నది.

"కార్డు జిరాక్స్?" అన్నడు సత్యదేవ్.

"లేదు బాబూ. నేను తిరుమల్ భార్యను."

"తెలుసండీ. కానీ అందరికీ ఒకటే రూలు. తెల్ల కార్డు ఉన్నవాళ్లకే అని అసోసియేషన్‌లో అనుకున్నాం. కార్డు లేకుండా ఇస్తే రేపు నన్నడుగుతారు. కొంచెం పక్కకి జరగండి."

సుకన్య కారు దిక్కు చూసింది. సార్ ఫోన్ల ఏదో చూసుకుంటుండు. ఇన్నడు, ఇనలేదా? అద్దం దించే ఉన్నది, ఇన్నడు. ఆ కార్డు ఎందుకు లేదో ఆ కార్ల కూసున్నోనికి తెల్వదా? ఈ కారు నా తమ్ముని పేరు మీదున్నందుకు వానికి బియ్యం బందైనయి, ఆ కారు నిండనే బియ్యం పెట్టుకొని వచ్చి వాని పెండ్లాన్నే పక్కకు జరగమంటరా? నేను ఆగలే. నోటికి ఎంతొస్తే అంత అన్న. "సిగ్గు శరం ఉన్నదా మీకు? ఎవని పేరు మీది బండిల కూసొని ఎవలకు పంచుతున్రు?" అని డిక్కీ మీద చెయ్యేసి గుద్దిన. సార్ అద్దంలకెల్లి తల బయటవెట్టి, "గొడవ చేయకండమ్మా, అందరూ చూస్తున్నారు. తర్వాత విడిగా పంపిస్తాను" అన్నడు. అద్దం పైకి లేచింది.

చిన్నపిల్ల బిస్కెట్ ప్యాకెట్ కోసం చెయ్యి చాపి ఒకటే ఏడుపు. సుకన్య దాని చెయ్యి గుంజుకొని ఇంట్లకు పోయి తలుపేసుకున్నది. నేను తమ్ముని దిక్కు చూసిన. వాడు దిగలే. స్టీరింగు రెండు చేతులతోని పట్టుకొని ముంగటికే చూస్తుండు, ఆ ఫోటోల తాళంచెవి పట్టుకున్నట్టు. సంచులన్ని పంచినంక బండి తీసిండు. హారన్ కొట్టిండు. పొడుగ్గ, గల్లీ అంత అదిరేటట్టు. నా జన్మల మొదటిసారి ఇన్న.

మామూలుగ సార్‌ను ఇంటికాడ దించి, తాళంచెవి వరండల మేకుకు తగిలేసి రావాలె. ఆ రోజు తగిలెయ్యలే. పొద్దుగూకే యాళ్లకు కారు మళ్ళ మా గల్లీ మూలకొచ్చి ఆగింది, ఒక్కడే ఉన్నడు.

"ఏందిరా, సార్ పంపిండా?" అన్న.

"లేదక్కా. నా కారు నేను తెచ్చుకున్న."

సుకన్య ఏడ్చింది, ఇచ్చేసి రమ్మని కాళ్ళు పట్టుకున్నది. వాడు లోపటికి పోయి గోడ మీది ఫోటో తీసి మంచం కిందికి నూకిండు, అంతే. రాత్రంత సార్ ఫోన్లు చేస్తనే ఉన్నడు. వాడు ఎత్తలే. పొద్దుగాల్నే కానిస్టేబుల్ వచ్చి, మమ్మల్ని ఠాణాకు రమ్మని, కారు తనే నడుపుకుంట తీస్కపోయిండు.

ఆ తర్వాత ఏమైందో ముందే చెప్త, లేకుంటె అడుగుతనే ఉంటరు. ఆర్టీఏ తెరిచినంక సార్ కట్టాల్సింది కట్టుకొని ఆ కారు తన పేరు మీదికి మార్చుకున్నడు. మావోడు నయాపైస అడగకుంట సంతకాలు పెట్టిండు. అంత దాంక ఆ కార్ల మా గల్లీల దవాఖానకు పోవాల్సినోళ్లను తీస్కపోయిండు, పెట్రోల్ వాండ్లు పోసుకున్నరు. అల్వాల్ ఇంటికి మళ్ళ పోలే, ఇప్పుడు కిరాయి ఆటో నడుపుతున్నడు. మరి కార్డు? కారు పోయింది గని కంప్యూటర్లకెల్లి పోలే! ఆఫీసుల పొంటి తిరిగి తిరిగి, సర్కారు కొత్త కార్డులు ఇచ్చినప్పుడు, మొన్న మొన్న వచ్చింది. ఆ నడుమ ఏండ్లన్ని నా బియ్యం ఇంత, పద్మనాభం దయ ఇంత, గట్లనే ఎల్లదీసినం. గివన్ని ఎవరు లెక్క కడుతరు? పోనీయున్రి. నేను చెప్పాలనుకున్నది ఆ పొద్దు ఠాణాల ముచ్చట.

మేం పోయేసరికి సార్, సత్యదేవ్ కుర్చీలల్ల కూసొనున్నరు. తిరుమల్, నేను నిలవడ్డం. ఎస్సై పడుచోడు, మాస్కు గడ్డం కిందికి జార్చి కారు కాయితం చదువుతుండు. చదివి సార్ దిక్కు చూసిండు.

"ఓనర్ పేరు తిరుమల్ అని ఉన్నది. మీ డ్రైవర్ పేరేంది?"

"తిరుమలేనండీ. అదే చెప్తున్నాను, పేరు అతనిది, డబ్బు నాది. నమ్మకం మీద పెట్టాను. ఎత్తుకుపోయాడు."

"ఆయన కారు ఆయనే దొంగతనం చేసిండని కేసు రాసుకోమంటరా సార్?"

ఓ కానిస్టేబుల్ కిసుక్కున నవ్విండు. ఎస్సై ఒక తెల్లకాయితం, పెన్ను సార్ ముంగటికి జరిపిండు. "సరే, కారు మీదే అంటరు కద. డబ్బులు మీవి, కారు మీది, డ్రైవర్ పేరు ఉట్టిగ పెట్టిన్రు, ఎందుకు పెట్టిన్రు, అన్ని రాసి సంతకం చెయ్యున్రి. నేను చూసుకుంట."

సార్ పెన్ను పట్టుకున్నడు. గదే కాయితం! ఆ ఎంక్వైరీ ఆయన అడిగిన రెండు లైన్లు! కారు పోతే పోయింది, మాకెందుకా కారు?

గప్పుడు నా తమ్ముడు నోరు తెరిచిండు.

"రాయున్రి సార్. మీరు రాస్తే కారు ఇప్పుడే ఇచ్చేస్త. ఆ కాయితం ఫోటో తీసుకపోయి నా బియ్యం కార్డు నేను తెచ్చుకుంట. నాకు గంతే కావాలె."

సార్ కొడుకు దిక్కు చూసిండు. కొడుకు తల అడ్డంగ ఊపిండు. సార్ పెన్నుకు మూత పెట్టి బల్ల మీద పెట్టిండు.

"ఇదంతా ఎందుకండీ, ఇంటి విషయం. మేం మేం మాట్లాడుకుంటాం. తిరుమల్, నువ్వు మా ఇంట్లో మనిషివి కదయ్యా, ఇలా ఠాణా దాకా తెచ్చుకుంటామా?"

"ఇంట్ల మనిషినే సార్" అన్నడు తిరుమల్. "ట్యాక్సు తప్పించుకోనీకి ఇంట్ల మనిషిని. నిన్న నా పెండ్లాం మీ ముంగట చెయ్యి చాపితే బయటోన్ని ఎట్లయిన సార్? రెండు లైన్లు రాయనీకి మీకు భయమైంది. నా పిల్లలు గంజి నీళ్ళు తాగుతున్నరు."

సార్ తల దించుకున్నడు. ఆయన దించుకున్న తల నాకేం జెయ్యాలె? కడుపు నిండుతదా?

తిరుమల్ ఎస్సై దిక్కు తిరిగిండు. "మీరే చెప్పున్రి సార్. నా బియ్యం గుంజుకోనీకి ఈ కారు నాదైంది. నడుపుకోనీకి నాదా, కాదా?"

ఎస్సై కాయితం మడిచి, బల్ల మీది తాళంచెవి దాని మీద పెట్టి, మావోని దిక్కు నూకిండు. "నీ పేరు మీదున్నది. తీస్కపో" అన్నడు. సార్‌తోని, "మీకు గొడవ ఉంటె కోర్టుల చూసుకోండి" అన్నడు.

బయట ఎండ నిప్పులు చెరుగుతున్నది. రోడ్డు మీద పురుగు లేదు. తెల్ల కారు ఠాణా గోడ పొంటి నిలవడున్నది, అద్దానికి ఇంక ఆ సరుకుల పాసు అట్లనే ఉన్నది. తిరుమల్ డోరు తీసి ఎక్కి కూసున్నడు. నేను ఇవతలి దిక్కు డోరు తీసి, దవాఖానకు పోయిననాటి లెక్కనే ఒంగి చెప్పులు ఇప్పవట్టిన.

"ఇప్పకు అక్కా" అన్నడు.

తలెత్తి చూసిన. వాని కాళ్ళకు చెప్పులున్నయి. మట్టి కొట్టుకపోయిన రబ్బరు చెప్పులు, ఆ సార్ తెల్ల కార్పెట్ మీద.

"చెప్పులతోనే ఎక్కు. కారు మనదంట."